పగలంతా పస్తు, అర్ధరాత్రి దొంగతిండి... ఎలా బయటపడాలి?

సంక్రాంతి వెళ్ళాక ప్రతి ఏడాదీ ఇంతే, నాలుగు అరిసెలు తిన్నందుకు ఏదో నేరం చేసినట్టు ఉత్తరాలు రాస్తారు. ఈసారి మెయిళ్ళూ వాట్సాప్‌లూ కలిపి వచ్చినవాటిలో సగానికి పైగా ఒంటి గురించీ తిండి గురించే ఉన్నాయి, అందుకని మిగతావి వచ్చే నెలకి ఉంచి ఇవే తీసుకున్నా. ఎవరి పేర్లూ ఊళ్ళూ వేయట్లేదు.

ప్రశ్న: అక్కా, నా వయసు 31. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి రెండేళ్ళు. పెళ్ళికి ముందు 56 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 78. మే నెలలో మా తమ్ముడి పెళ్ళి. మొన్న పండక్కి పుట్టింటికి వెళ్తే మా పిన్ని గుమ్మంలోనే "ఏంటే ఇలా అయిపోయావ్, పెళ్ళికొడుక్కి అక్కలా లేవు, అమ్మలా ఉన్నావ్" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వా. ఆ రోజు నుంచే డైట్ మొదలుపెట్టా. పొద్దున నిమ్మకాయ తేనె నీళ్ళు, మధ్యాహ్నం కీరా ముక్కలు, ఒక గ్లాసు మజ్జిగ, అంతే, అన్నం ముట్టను. సాయంత్రం దాకా బానే ఉంటా. రాత్రి అందరూ పడుకున్నాక నా వల్ల కావట్లేదు. వంటింట్లో లైటు కూడా వేయకుండా నిలబడే, గిన్నెలో మిగిలిన పులిహోర, పిల్లల బిస్కెట్లు, మొన్నైతే గట్టిపడిపోయిన సున్నుండలు నాలుగు తినేశా. కవర్లు మా వారు చూడకుండా డస్ట్‌బిన్‌లో అడుక్కి నొక్కేస్తా. పొద్దున లేవగానే వెయిట్ మెషిన్ ఎక్కడం, ఏడవడం. నాకు అస్సలు కంట్రోల్ లేదక్కా. ఎలా తెచ్చుకోవాలో చెప్పండి.
- ఓ చెల్లి

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివా. కవర్లు అడుక్కి నొక్కేయడం దగ్గర రెండుసార్లూ ఆగిపోయా, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఈ మాట చెప్పినవాళ్ళు చాలామంది, అందరూ తల దించుకునే చెప్పారు. ముందు ఒకటి విను. ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ, ఇంట్లో అందరికీ వండి వడ్డిస్తూ, ఆ వాసనల మధ్య పొద్దున్నించి రాత్రి దాకా కీరా ముక్కల మీద ఉన్న మనిషికి కంట్రోల్ లేకపోవడం ఏంటి? నీకున్నది ఆకలి. రోజంతా నొక్కిపెట్టిన ఆకలి రాత్రి ఒక్కసారే తన్నుకొస్తోంది.

ఇది ఓదార్చడానికి చెప్పే మాట కాదు. 1944-45లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే సైంటిస్టు, ఆరోగ్యంగా ఉన్న 36 మంది కుర్రాళ్ళని, వాళ్ళ ఒప్పుకోలుతోనే, ఆర్నెల్లు అర్ధాకలితో ఉంచి చూశాడు. యుద్ధంలో తిండి లేక మాడిపోయిన జనానికి మళ్ళీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం చేసిన ప్రయోగం అది. రోజుకి వాళ్ళకి ఇచ్చింది సుమారు 1,570 కేలరీలు. నువ్వు పగలు తీసుకునేది లెక్కేస్తే 200 దాటదు! ఆ కుర్రాళ్ళు పొద్దస్తమానం తిండి గురించే మాట్లాడుకునేవాళ్ళు, కలల్లో కూడా అదే, వంట అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా వంట పుస్తకాలు తెచ్చుకుని చదివారు, ప్లేట్లు నాకారు, చిన్నచిన్న విషయాలకి చిరాకుపడ్డారు. ప్రయోగం అయిపోయి కావల్సినంత తినండి అన్నాక, కొందరికి పొట్ట పట్టనంత తిన్నా ఆకలి తీరలేదు. వాళ్ళెవరూ కంట్రోల్ లేనివాళ్ళు కాదు. ఆకలితో ఉన్న ఒళ్ళు అలాగే చేస్తుంది, దానికి మీ తమ్ముడి పెళ్ళి ఉందని తెలీదు, ఎక్కడో కరువొచ్చిందనే అనుకుంటుంది.

అందుకని నువ్వు సరిచేయాల్సింది రాత్రిని కాదు, పొద్దుటిని. రేపు లేచిన గంటన్నరలోపు టిఫిన్ తిను, మూడు ఇడ్లీలో రెండు పెసరట్లో, చట్నీతో. మధ్యాహ్నం అన్నం తిను, అవును అన్నమే, ఒక కప్పు, దానికి సమానంగా కూర, గట్టిగా పప్పు, చివర్లో పెరుగు. సాయంత్రం ఐదింటికి వేయించిన శనగలు ఓ గుప్పెడు, ఒక పండు, నీ టీ. రాత్రి ఎనిమిదికి పిల్లలతో పాటు కూర్చుని తినెయ్, వాళ్ళు వదిలేసిన ముద్దలు కాదు, నీ కంచంలో నీకు పెట్టుకుని. నాలుగు గంటలకి మించి ఖాళీ కడుపుతో ఉండకు, ఒక రెండు వారాలు ఇదొక్కటే నీ డైట్ అనుకో. ఇంకో పని కూడా చెయ్యి, పులిహోర చేసిన రోజు పట్టపగలు, లైటు వెలుతురులో, అందరి ముందూ కూర్చుని ఒక ప్లేటు పెట్టుకుని తిను. దొంగతనంగా తిన్నప్పుడు రుచి తెలీదు, ఎంత తిన్నావో కూడా తెలీదు.

మొదట్లో ఒకట్రెండు రాత్రులు మళ్ళీ జరగొచ్చు. జరిగితే మరుసటి రోజు పొద్దున టిఫిన్ మాత్రం మానకు, ఇది గట్టిగా చెప్తున్నా, రాత్రి తిన్నదానికి పొద్దున పస్తుండి లెక్క సరిచేద్దాం అనుకున్న రోజే మళ్ళీ మొదటికి వస్తుంది. నా దగ్గరికి ఒకావిడ ఏడేళ్ళు ఇలాగే తిరిగారు, ప్రతి సోమవారం కొత్త డైట్, ప్రతి బుధవారానికి భంగం, ఆ ఏడేళ్ళలో 14 కిలోలు పెరిగారు తప్ప తగ్గలేదు. పొద్దున టిఫిన్ మొదలుపెట్టిన పది రోజులకి ఫోన్ చేసి, రాత్రి పదకొండింటికి నిద్రొస్తోందండీ అన్నారు, ఆశ్చర్యంగా.

వెయిట్ మెషిన్ని బీరువా పైకి ఎక్కించెయ్. ఒక్క రోజులోనే ఒంట్లో నీటి వల్ల కిలో, కిలోన్నర అటూఇటూ అవుతుంది, ముందు రోజు ఆవకాయ ఎక్కువ తిన్నా, పీరియడ్స్ దగ్గర పడినా మెషిన్ పైకే చూపిస్తుంది, అది కొవ్వు కాదు. ఇన్నాళ్ళ పస్తు తర్వాత అన్నం మొదలుపెడితే తొలి వారం ఒక కిలో పెరిగినట్టు కూడా కనిపిస్తుంది, భయపడకు. ఇద్దరు పిల్లల తర్వాత ఒకసారి థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోవడం మాత్రం వాయిదా వేయకు, 22 కిలోలు అంటే డాక్టరు చూడాల్సిన విషయమే, కానీ దానికి మే నెల గడువు పెట్టకు.

పెళ్ళికి ఇప్పుడున్న కొలతలతోనే జాకెట్లు కుట్టించుకో. మన టైలర్లు జాకెట్టు లోపల రెండు మూడు కుట్లు వేసి అంచున గుడ్డ వదిలిపెడతారు చూడు, ఆడవాళ్ళ ఒళ్ళు మారుతూ ఉంటుందని వాళ్ళు మొదట్నించీ లెక్కలో పెట్టుకున్నారు, మనమే పెట్టుకోలేదు. పిన్ని మళ్ళీ అంటే నవ్వకు. "పిన్నీ, ఆ మాటకి నాకు బాధేసింది, ఇంకెప్పుడూ అనకు" అని మెల్లగా, ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పు. గొడవేం అవదు.

ఒకవేళ తిన్నది కక్కేయడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం లాంటివి ఉన్నా, లేదా ఇలా ఆపుకోలేక తినడం వారానికి ఒకసారైనా మూడు నెలలుగా జరుగుతున్నా, నా కాలమ్‌తో సరిపెట్టుకోకుండా సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలువు. ఇలా ఆపుకోలేక తినడాన్ని బింజ్ ఈటింగ్ అంటారు, 2013 నుంచి మానసిక వైద్యుల పుస్తకంలో దీనికి ప్రత్యేకంగా పేరుంది, ట్రీట్‌మెంట్ ఉంది, తగ్గుతుంది. మీ వారికి కూడా చెప్పు. ఆ కవర్ల సంగతి ఒక్క మనిషికి తెలిస్తే చాలు, సగం బరువు అక్కడే దిగుతుంది.

ప్రశ్న: మేడమ్, రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే బరువు తగ్గుతామా?

జవాబు: రెండు పుల్కాలు, ఒక కప్పు వండిన అన్నం, కేలరీల్లో దాదాపు ఒకటే, చపాతీకి నూనె పట్టిస్తే చపాతీదే పైచేయి. చాలామందికి చపాతీతో తగ్గేది ఎందుకంటే అన్నం అయితే మారు వడ్డించుకుంటాం, చపాతీ అయితే లెక్కపెట్టుకుంటాం. గోధుమలో పీచు కాస్త ఎక్కువ, అది నిజం. కానీ మీకు చపాతీ గొంతు దిగకపోతే బలవంతాన తినక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళు ఉండాలి. మన ఇళ్ళల్లో అన్నం కొండలా, కూర నంజుకోవడానికి అన్నట్టు పెట్టుకుంటాం, మార్చాల్సింది అది. జొన్నరొట్టె అలవాటున్న ఇళ్ళవాళ్ళు దాన్ని వదిలి చపాతీకి మారారంటే మాత్రం నాకు నిజంగా బాధేస్తుంది.

ప్రశ్న: అక్కా, నేను బీటెక్ సెకండియర్, హాస్టల్లో ఉంటా. 5 అడుగుల 9 అంగుళాలు, 54 కిలోలు. స్కూల్ నుంచీ అందరూ పుల్ల అనే పిలుస్తారు. ఎండాకాలంలో కూడా లోపల ఒకటి పైన ఒకటి రెండు టీషర్టులు వేసుకుంటా కొంచెం నిండుగా కనిపించాలని. ఎనిమిది నెలలుగా జిమ్ చేస్తున్నా, రోజూ రెండు గంటలు, మానేసిన రోజు నిద్ర పట్టదు. పెద్దగా తేడా లేదు. మా జిమ్‌లో ట్రైనర్ అన్న ఒక కోర్సు ఇంజెక్షన్లు వేసుకుంటే మూడు నెలల్లో బాడీ వస్తుందంటున్నాడు. ఇంట్లో ఫీజు అని చెప్పి డబ్బులు తెప్పించుకున్నా. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ డబ్బులు అలాగే ఉంచు, వేసుకోవద్దు. జిమ్‌లో బాడీ కోసం ఇచ్చే ఆ ఇంజెక్షన్లు చాలావరకు మగ హార్మోన్లు. బయటనుంచి అంత మోతాదులో వేస్తే నీ ఒంట్లో సహజంగా తయారయ్యేది ఆగిపోతుంది, వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి, కొంతమందికి ఛాతీ ఆడవాళ్ళలా పెరుగుతుంది, మొహం వీపు నిండా మొటిమలు, బీపీ, చెడు కొలెస్ట్రాల్, గుండె కండరం దెబ్బతినడం దాకా పోతుంది. నీకింకా 20 ఏళ్ళు. పైగా ఆ సీసాలో నిజంగా ఏముందో ఇచ్చే అతనికే తెలీదు.

నువ్వు ఎనిమిది నెలల్లో పెరగకపోవడానికి కారణం నాకు తిండిలోనే కనిపిస్తోంది. హాస్టల్ మెస్సులో పొద్దున ఉప్మా బాలేదని మానేసి, మధ్యాహ్నం నీళ్ళ సాంబారుతో తిని, సాయంత్రం రెండు గంటలు బరువులు ఎత్తితే కండ ఎక్కణ్ణించి వస్తుంది? మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అని మన దేశపు లెక్క, అంటే నీకు 45 గ్రాములు, బరువులు ఎత్తుతున్నావు కాబట్టి 70, 80 దాకా వెళ్ళు. నాలుగు గుడ్లలో 24 గ్రాములొస్తుంది, అర లీటరు పాలలో 16, రెండు గుప్పెళ్ళ పల్లీల్లో 15, మెస్సులో పప్పు గట్టిగా ఉన్న చోట గరిటె పెట్టి వేయించుకుంటే ఇంకో 10, చికెన్ పెట్టే రోజు సరేసరి. పౌడర్ డబ్బా కొనక్కర్లేదు. జిమ్ గంట చాలు, వారానికి నాలుగు రోజులు, కండ పెరిగేది రెస్ట్‌లోనే. ఒక్క రోజు మానేస్తే నిద్ర పట్టట్లేదు అన్నావు చూడు, నాకు ఇంజెక్షన్ మాట తర్వాత ఎక్కువ దిగులేసింది దానికే, ఇష్టంతో చేసేది అలా ఉండదు. కాలేజీలో కౌన్సిలర్ ఉంటే ఒకసారి కలిసి ఆ రెండో టీషర్టు సంగతి చెప్పు. ఒంటి మీద ఈ దిగులు ఆడపిల్లలకే ఉంటుందనుకుంటారు గానీ, మగపిల్లలు చెప్పుకోరు, అంతే తేడా. ఆ డబ్బు సంగతి నాన్నకి నువ్వే చెప్పెయ్.

ప్రశ్న: మేడమ్, మా పాప తొమ్మిదో తరగతి, 14 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం దాకా కబడ్డీ టీమ్‌లో ఉండేది, ఇప్పుడు షార్ట్స్ వేసుకోను అని మానేసింది. లంచ్ బాక్స్ పెట్టినట్టే తిరిగొస్తోంది, అడిగితే ఫ్రెండ్స్‌తో తిన్నా అంటుంది. గంటసేపు అద్దం ముందే. నెల నెలా వచ్చేది రెండు నెలలుగా రాలేదు. మా అత్తగారు దాన్ని చిన్నప్పట్నుంచి ముద్దుగా బొండాం అని పిలుస్తారు. నేనూ ఎప్పుడూ ఏదో ఒక డైట్‌లో ఉంటా, కొన్నేళ్ళ కిందట ఊరూరా నడిచిన కొబ్బరినూనె డైట్ కూడా చేశా. దీనికి నేనే కారణమా అని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, కారణం ఎవరు అన్నది పక్కన పెట్టండి, ఈ వారంలోనే పాపని పిల్లల డాక్టరుకి చూపించండి. రెండు నెలలు పీరియడ్ రాలేదు, బాక్స్ తినట్లేదు, ఈ రెండూ కలిసి ఉన్నప్పుడు ఆగకూడదు. నాడి, బీపీ, బరువు, ఎత్తు, రక్తం చూస్తారు. లేచి నిలబడితే కళ్ళు తిరగడం, చేతులు ఎప్పుడూ చల్లగా ఉండటం, జుట్టు కుచ్చులుగా రాలడం, స్పృహ తప్పడం, వీటిలో ఏదున్నా అదే రోజు వెళ్ళండి. డాక్టరు గదిలో పాప ముందు "తిండి తినట్లేదండీ, మీరైనా నాలుగు పెట్టండి" అని మాత్రం అనకండి. తినడం తగ్గించిన పిల్లని తిడితే ఇంకా దాచుకుంటుంది.

ఆ వయసులో ఆడపిల్ల ఒళ్ళు రావడం రోగం కాదు. తుంటి దగ్గర, తొడల దగ్గర కొవ్వు చేరాలి, చేరితేనే నెలసరి సక్రమంగా నడుస్తుంది. పెద్దవాళ్ళకి చూసే బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతన్న లెక్క) అంకెలు పిల్లలకి చూడరు, వాళ్ళకి వయసును బట్టి వేరే చార్టు ఉంటుంది. ఇదంతా పాపకి ఎవరూ చెప్పి ఉండరు, మనకీ ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పండి, లెక్చర్‌లా కాకుండా, రాత్రి జడ వేసేటప్పుడు, వెనకనుంచి, మొహం చూడకుండా. పిల్లలు అప్పుడే మాట్లాడతారు.

బొండాం అన్న పిలుపు ఇవాళ్టి నుంచి ఇంట్లో వినపడకూడదు. అత్తగారితో మీరు చెప్తే ఒకలా ఉంటుంది, మీ వారితో చెప్పించండి, "అమ్మా, డాక్టరు గారు ఆ మాట వాడొద్దన్నారు" అని. ఆవిడ ప్రేమతోనే అంటారు, నాకు అనుమానం లేదు, కానీ అద్దం ముందు గంట నిలబడే పిల్ల చెవుల్లో అది ప్రేమలా వినపడదు. మీ సంగతికొస్తే, చీర కట్టుకుంటూ "ఛీ ఈ పొట్ట" అనుకోవడం, పిల్లలకి నెయ్యన్నం పెట్టి మీరు పక్కన గ్లాసు నీళ్ళతో కూర్చోవడం, పాప ఇవన్నీ చూస్తూనే పెరిగింది. నేను మిమ్మల్ని తప్పుపట్టట్లేదమ్మా, మీకు కూడా చిన్నప్పుడు ఎవరో ఏదో ఒక పేరు పెట్టే ఉంటారు. రాత్రి భోజనం అందరూ కలిసి, ఫోన్లు పక్కన పెట్టి, అదే అన్నం అదే పప్పు మీరూ తినండి. పాప ముద్దలు లెక్కపెట్టకండి, సగంలో లేస్తే అరవకండి, కానీ ఒంటరిగా గదిలో తినడానికి ప్లేటు పంపకండి, పక్కనే కూర్చోండి. కాస్త చిక్కితే "ఎంత బావున్నావో" అనే చుట్టాలు వస్తారు, అప్పుడు మాట మార్చేయండి.

డాక్టరు చూశాక సైకాలజిస్టు అవసరమంటే వెనకాడొద్దు. ఇవాళ రాత్రే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416కి చెయ్యండి, కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడతారు. కబడ్డీకి షార్ట్స్ బదులు ట్రాక్ పాంట్ వేసుకోనివ్వమని పీఈటీ టీచర్ని మీరే వెళ్ళి అడగండి, డాక్టరు ఆడొచ్చు అన్నాకే. టీమ్‌లో ఆడిన పిల్ల, ఆ ఆట ఊరికే పోనివ్వకండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి, 48 ఏళ్ళు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది, బార్డర్ షుగర్ అన్నారు. మూడు నెలలు రోజూ 40 నిమిషాలు నడిచాను. 82 కిలోలు ఉన్నది 81 అయ్యింది. దీనికోసం తెల్లారుజామున లేవడం దండగ అని మానేశాను. వేరే ఏదైనా మంచి మార్గం ఉందా?

జవాబు: మాస్టారూ, మీ నడక పని చేస్తోందో లేదో మీరు తప్పు చోట చూశారు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం మీలాగే బార్డర్‌లో ఉన్న 531 మంది మీద ఒక పరిశోధన చేసి 2006లో రిపోర్టు ఇచ్చారు. మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో మూడేళ్ళకి 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. నడక, తిండి మార్పులు పాటించినవాళ్ళలో అది 39 శాతం. అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి ఏంటంటే, ఆ పాటించినవాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. బరువు అక్కడే ఉంది, షుగర్ రావడం తగ్గింది. నడిచినప్పుడు కాలి కండరాలు రక్తంలో చక్కెరని లాక్కుంటాయి, అది లోపల జరిగే పని, మెషిన్ మీద కనపడదు.

కాబట్టి రేపట్నుంచి మళ్ళీ మొదలుపెట్టండి, తెల్లారుజామునే అక్కర్లేదు. వారానికి 150 నిమిషాలు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, రాత్రి భోంచేశాక వీధిలో పావుగంట నడిచినా ఆ పూట షుగర్ పెరగడం తగ్గుతుంది. స్టాఫ్ రూమ్‌లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, రోజుకి రెండు విడతలు, మోకాళ్ళు ఒప్పుకుంటేనే. టీలో చక్కెర ఎలాగూ తగ్గించే ఉంటారు. కొలుచుకోవాలనిపిస్తే నడుము కొలుచుకోండి, బొడ్డు దగ్గర టేపు పెట్టి, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిది. బరువు అస్సలు పట్టించుకోవద్దని అనట్లేదు, నాలుగైదు కిలోలు తగ్గితే మీకు లాభమే, అది మెల్లగా రానివ్వండి. మూడు నెలలు నడిచాక హెచ్‌బీఏ1సీ మళ్ళీ చేయించుకుని ఆ అంకె నాకు రాయండి.